పోయినవాళ్ల లెక్క ఎవరు రాస్తారు?

మిర్యాలగూడ దగ్గర మా బంధువుల ఇంట్లో మొన్నొక జుమా రోజు భోజనాల వేళ చిన్న పంచాయితీ నడిచింది. డిగ్రీలో రాజనీతిశాస్త్రం చదివిన వాళ్ల అమ్మాయి పీజీకి దరఖాస్తు పెడతానంటోంది. ఇంట్లోవాళ్లు బీఈడీ చేయమంటున్నారు. తాను చదవాలనుకున్న చదువు పేరు అమ్మాయి చెప్పగానే తండ్రి చేతిలో ముద్ద ఆగిపోయింది. రాజకీయ హింస, భద్రత, శాంతి... వీటి మీద చదువట.

"గిదేం చదువు బేటీ? కొట్లాటల గురించి కూడా కాలేజీలో చెప్తరా? మన పేరు చూసి నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడాయన.

"పోలీస్ యాక్షన్ మీద రాస్తా అబ్బా. మన జిల్లాలో ఏం జరిగిందో రాస్తా" అంది అమ్మాయి.

మూలన పీటమీద కూర్చున్న నానీ తలెత్తి చూసింది. ఆమెకు తొంభై దగ్గర పడ్డాయి. ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కుని లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

తండ్రి భయాన్ని నేను కొట్టిపారేయలేదు. 2015 ఏప్రిల్ మొదటి వారం ఈ జిల్లావాళ్లు మరిచిపోయేది కాదు. సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేస్తున్న పోలీసుల మీద కాల్పులు జరిగి ఇద్దరు సిబ్బంది చనిపోయారు. రెండు రోజులకు జానకీపురం దగ్గర ఎదురుకాల్పులు. ఇద్దరు సాయుధులతో పాటు ఒక కానిస్టేబుల్ ప్రాణం పోయింది. గాయపడ్డ ఎస్సై కూడా తర్వాత ఆస్పత్రిలో కన్నుమూశారు. ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకువెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వాహనంలోనే కాల్పుల్లో చనిపోయారు. ఆ ఐదుగురి మరణంపై ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. ఆ వారం రోజులు మన ఇళ్లలో టీవీ చప్పుడు తగ్గించి చూశారు. మగపిల్లలు రాత్రిపూట బయటికి వెళ్తానంటే తల్లులు తలుపుకు అడ్డం నిలబడ్డారు. అలాంటి చోట ఆడపిల్ల హింస మీద చదువుతానంటే తండ్రి ఉలిక్కిపడడంలో వింత లేదు.

కానీ ఈ చదువు గురించి మనకున్న అభిప్రాయంలోనే ఒక పొరపాటుంది. ఇది తుపాకీ చదువు కాదు, పోలీసు శిక్షణా కాదు. ఎవరు పోయారు, ఎక్కడ, ఏ తేదీన, ఎవరి చేతిలో, దానికి ముందు ఊళ్లో ఏం జరిగింది, పక్క ఊళ్లో అదే గొడవ ఎందుకు జరగలేదు, ఆగినచోట ఎవరు ఆపారు... వీటిని ఓపికగా అడిగి, సరిచూసి, రాసిపెట్టే చదువు. సూర్యాపేటలో పోయిన కానిస్టేబులూ, ఆలేరులో పోయిన ఖైదీలూ ఈ చదువులో ఒకే రిజిస్టరుకు ఎక్కుతారు. ఒకరిని రాసి ఒకరిని వదిలేస్తే అది చదువు కాదు, పార్టీ కరపత్రం.

ముగ్గురు మనుషులు, ఇరవై మూడు రోజులు

నల్లగొండలో ఈ పనిని మొదట చేసినవాళ్లలో ఏ యూనివర్సిటీ వారూ లేరు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. విజయవాడ వైపు నుంచి వచ్చిన దళాలు కోదాడ, సూర్యాపేట మీదుగానే నడిచాయి. ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. అంతకు ముందు నెలల తరబడి రజాకార్లు ఈ జిల్లా పల్లెల్లో చేసిన దౌర్జన్యం చిన్నది కాదు. చిట్యాల దగ్గర గుండ్రాంపల్లి పేరు ఇప్పటికీ ఆ బాధతోనే తలుచుకుంటారు. ఆ పాపానికి ఏ సంబంధమూ లేని సామాన్య ముస్లిం కుటుంబాల మీద సెప్టెంబరు తర్వాత ప్రతీకారం పడింది.

ఏం జరిగిందో చూసి రమ్మని ఢిల్లీ ప్రభుత్వం ముగ్గురిని పంపింది. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. ఇందులో గఫార్ సాహెబ్ హైదరాబాదుకు కొత్తవారు కాదు. 'పయామ్' ఉర్దూ పత్రిక నడిపిన పాత్రికేయుడు, కథకుడు. నవంబరు 29న వచ్చిన వీరు డిసెంబరు 21న తిరిగి వెళ్లారు. సంస్థానంలోని 16 జిల్లాల్లో 9 తిరిగారు. 7 జిల్లా కేంద్రాలు, 21 పట్టణాలు, 23 పెద్ద గ్రామాలు చూశారు. తాము పోలేకపోయిన మరో 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా మనుషులతో మాట్లాడారు.

వాళ్లు వేసిన లెక్క ఇదీ. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు నాలుగింటిలో 18 వేలకు తక్కువ కాకుండా చనిపోయారు. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ జిల్లాల్లో కలిపి కనీసం 5 వేలు. మొత్తం సంస్థానంలో, బాగా తగ్గించి చెప్పినా, 27 వేల నుంచి 40 వేల దాకా ప్రాణాలు పోయాయన్నారు. కొన్నిచోట్ల సైనికులు, స్థానిక పోలీసులు కూడా లూటీలో, హత్యల్లో పాల్గొన్నారని రాశారు. అదే నివేదికలో సైనిక గవర్నరు జనరల్ చౌధురిలో మతద్వేషం కనపడలేదని కూడా రాశారు. రజాకార్ల అకృత్యాలను దాచలేదు. కనిపించింది కనిపించినట్టు రాయడమంటే అది.

ఆ నివేదికలో నన్ను ఎక్కువగా ఆపిన మాట చావుల లెక్క కాదు. ముస్లింలను ప్రాణాలొడ్డి కాపాడిన హిందువుల గురించి వాళ్లు ప్రత్యేకంగా రాశారు. ముఖ్యంగా ఒకే వృత్తిలో ఉన్నవాళ్లు ఒకరికొకరు అండగా నిలిచారట. హిందూ నేతపనివాళ్లు ముస్లిం నేతపనివాళ్లను కాపాడారు, ఆ ప్రయత్నంలో తమ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మగ్గం గుంటలో దిగి పనిచేసేవాడికి పక్క మగ్గంవాడి కష్టం తెలుస్తుంది మరి.

యాభై ఏళ్ల తర్వాత అశుతోష్ వర్ష్నీ అనే ఆచార్యుడు హైదరాబాద్‌ను లక్నోతో, అలీగఢ్‌ను కాలికట్‌తో, అహ్మదాబాద్‌ను సూరత్‌తో పోల్చి 2002లో ఒక పెద్ద పుస్తకం వేశాడు. రెండు మతాలవాళ్లూ కలిసి నడిపే సంఘాలు, వ్యాపారాలు, యూనియన్లు బలంగా ఉన్న ఊళ్లో పుకారు పుట్టినా కొంపలు కాలవని ఆయన తేల్చిన విషయం. సుందర్‌లాల్ బృందం మగ్గాల దగ్గర చూసింది దాదాపు ఇదే కదా! పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట ఉన్న గడ్డ మనది. ఏ నేత ఊళ్లో ఎవరు ఎవరిని దాచారో ఒక్కొక్క ఊరు తిరిగి రాస్తే ఒక పీహెచ్‌డీకి సరిపోతుంది, మిగులుతుంది కూడా.

ఆ నివేదికను ప్రభుత్వం బయటపెట్టలేదు. హోం మంత్రి పటేల్‌కు అది నచ్చలేదు. 1988లో ఒమర్ ఖాలిదీ అచ్చువేసిన సంకలనంలో దాని భాగాలు కొన్ని చోటుచేసుకున్నాయి. ఏ.జి. నూరానీ 2013లో తన పుస్తకంతో పాటు దాన్ని ప్రచురించారు. అంటే మన తాతల చావుల లెక్క మనుమల చేతికి సక్రమంగా అందేసరికి 65 ఏళ్లు పట్టింది.

లెక్క కట్టే విద్య

ఇరవై ఏడు వేలకూ నలభై వేలకూ మధ్య ఇంత తేడా ఏమిటని ఎవరైనా అడగవచ్చు. 1950లో విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ అనే పండితుడు రాసిన వ్యాసంలో 50 వేలనే అంచనా కూడా ఉంది. రెండు లక్షలన్నవాళ్లూ ఉన్నారని ఆయనే చెప్పాడు. పెద్ద సంఖ్య చెబితే మన బాధ పెద్దదవుతుందని కొందరు, చిన్నది చెబితే గాయం మాసిపోతుందని కొందరు. రెండూ ఆ పోయినవాళ్లకు న్యాయం చేయవు.

స్వీడన్‌లో ఉప్సాలా విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ 1971లో శాంతి, సంఘర్షణల పరిశోధనకు ఒక శాఖ పెట్టారు. ప్రపంచంలో ఎక్కడ సాయుధ ఘర్షణ జరిగినా వాళ్లు ఒక్కో సంఘటనను విడిగా నమోదు చేస్తారు. తేదీ, చోటు, పాల్గొన్న పక్షాలు, సమాచారం ఎక్కడిది అన్నవి రాస్తారు. చావుల సంఖ్య ఒకటే వేయరు. తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత, నమ్మదగింది ఎంత అని మూడు అంకెలు పెడతారు. పోరులో చనిపోయినవాళ్లు ఏడాదికి 25 మందికి చేరితేనే దాన్ని సాయుధ ఘర్షణ కింద లెక్కవేస్తారు. సుందర్‌లాల్, గఫార్, మిస్రీ చేసింది కూడా ఆ పద్ధతికి దగ్గరగానే ఉంది. కంప్యూటరు లేదు, కారు దుమ్ములో ఇరవై మూడు రోజులు తిరిగారు, తక్కువ అంకె, ఎక్కువ అంకె రెండూ పెట్టారు.

ఇంకో సంగతి. జిల్లాలవారీగా అంకె చెప్పిన ఆ ఎనిమిదింటిలో మహబూబ్‌నగర్ పేరు లేదు. పేరు లేనంత మాత్రాన పాలమూరులో ఏమీ జరగలేదని అనలేం, జరిగిపోయిందనీ అనలేం. మూడు జిల్లాలు మాత్రం అల్లర్ల నుంచి పూర్తిగా కాకపోయినా చాలావరకు తప్పించుకున్నాయని నివేదికే చెబుతోంది. కృష్ణకు ఇవతల ఒక జిల్లా తగలబడి, పక్క జిల్లా గురించి కాగితం మౌనంగా ఉంటే, ఆ మౌనం ఏమిటో కనుక్కోవడానికే కదా చదువులు!

మన గురించి రాసినవాళ్లు

నల్లగొండ మీద రాసినవాళ్లకు కొదవ లేదు. 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ రైతాంగ పోరాటానికి గుండెకాయ ఈ జిల్లా. దొర మీద కోర్టులో నిలబడి పోరాడి, ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ఊరు కామారెడ్డిగూడెం అప్పట్లో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోదే. 'మా భూమి' నాటకంలోకి అతని పేరు ఎక్కింది. ఈ పోరాటంలో 4 వేల మంది కమ్యూనిస్టులు, రైతులు ప్రాణాలిచ్చారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ధనాగరే అనే మరాఠీ పరిశోధకుడు ఇంగ్లండులోని ససెక్స్‌లో డాక్టరేటు చేసి 1983లో వేసిన రైతు పోరాటాల పుస్తకంలో తెలంగాణకు పెద్దపీట వేశాడు. ఇనుకొండ తిరుమలి పుస్తకం 2003లో వచ్చింది. సునీల్ పురుషోత్తం కేంబ్రిడ్జిలో చేసిన పరిశోధన నుంచి 2021లో వచ్చిన పుస్తకంలో పోలీస్ యాక్షన్ ఒక ముఖ్య ఘట్టం. మన తెలుగు కవి, ఖమ్మం ప్రాంతం నుంచి వెళ్లి అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన అఫ్సర్, 2023లో పోలీస్ యాక్షన్ నాటి ముస్లింల జ్ఞాపకాల మీద కేంబ్రిడ్జి ప్రెస్ ద్వారా పుస్తకం తెచ్చారు. ముసలివాళ్ల నోటి మాటలు విని రాసిన పుస్తకమది.

ఇంతమంది రాసినా వీళ్లలో చాలామందికి ఒక ఇబ్బంది తప్పలేదు. 1948 దాకా సర్కారు కాగితాలు ఎక్కువగా ఉర్దూ. పల్లె జనం మాట తెలుగు. ఒకటి వచ్చినవాడికి రెండోది రాదు. దూరదేశం నుంచి వచ్చినవాడు ముప్పై ఏళ్ల వయసులో అలీఫ్ బే మొదలుపెడతాడు. ఇక్కడ మిర్యాలగూడలో, దేవరకొండలో, వనపర్తిలో పొద్దున మక్తబ్‌లో అలీఫ్ బే, తొమ్మిదింటికి బడిలో అ ఆ నేర్చుకున్న పిల్లలు మాత్రం ఈ వైపు రావడం లేదు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారంలో ఉర్దూ, ఫార్సీ దస్తావేజులు కుప్పలుగా ఉన్నాయి. చదవగల కళ్లు మన ఇళ్లలో ఉన్నాయి. (మన పిల్లలకు ఉర్దూ లిపి కూడా మెల్లగా పోతోందనుకోండి. ఆ గోడు వేరే వారం చెప్పుకుందాం.)

పైగా ప్రశ్నలు తక్కువా? 1948లో ఇంత జరిగిన జిల్లాలో, నాలుగేళ్లు తిరక్కుండానే, 1952లో హుజూర్‌నగర్ ఓటర్లు మఖ్దూం మొహియుద్దీన్‌ను శాసనసభకు పంపారు. ఉర్దూ కవి, ముస్లిం పేరు. ఓటు వేసినవాళ్లలో అత్యధికులు హిందువులైన పేద రైతులు. గాయం మానడానికి ఆ ఎర్రజెండా ఎంత పనిచేసింది, భూమి పంపకం ఎంత పనిచేసింది? 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజన కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వినోబా ముందు 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం పుట్టింది అక్కడే. ఆ భూమి చివరికి ఎవరి చేతికి చేరిందన్నది మరో ప్రశ్న.

శాంతి అంటే

1969లో నార్వే ఆచార్యుడు యోహాన్ గాల్టుంగ్ ఒక మాట అన్నాడు. కత్తి దిగినప్పుడే హింస అనుకోవద్దు, తిండి దొరక్క, వైద్యం అందక మనిషి ముందే చచ్చిపోతే అదీ హింసే, ఏర్పాటులోనే ఉన్న హింస. వెట్టి చేసిన తాతలున్న నల్లగొండకు, కరువొస్తే పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి బొంబాయి బస్సెక్కిన పాలమూరుకు ఇది ఎవరూ విప్పి చెప్పక్కరలేదు. 1994లో ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదికలో, పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హక్ ఆధ్వర్యంలో, భద్రత అంటే సరిహద్దు భద్రత ఒక్కటే కాదు, మనిషి భద్రత అన్న ఆలోచన ప్రపంచం ముందుకు వచ్చింది. ఈ చదువులో 'భద్రత' అనే మాటకు ఆ అర్థం కూడా ఉంది.

ఈ చదువు కాగితం మీదే ఉండిపోతుందా అంటే, పాలమూరు బిడ్డ ఒకాయన కథ ఉంది. ప్రొఫెసర్ జి. హరగోపాల్‌ది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా మొగిలిగిద్ద. కాకతీయలో, తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఎత్తుకుపోయిన ఐఏఎస్ అధికారుల్లో ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. పదేళ్ల తర్వాత 1997లో అదే శంకరన్ కన్వీనరుగా 'పౌరస్పందన వేదిక' ఏర్పడింది. తనను బంధించినవాళ్ల మీద కోపం పెట్టుకోకుండా, ప్రభుత్వంతోనూ నక్సలైట్లతోనూ ఏళ్ల తరబడి మాట్లాడిన వేదిక అది. హరగోపాల్ అందులో ఉన్నారు. ఆ ఓపిక ఫలితంగానే 2004 అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి. నల్లమల నుంచి బయటికొచ్చిన నాయకులు మంత్రులకు ఎదురుగా కూర్చున్నారు.

చర్చలు నిలబడలేదు. 2005 జనవరికల్లా బెడిసికొట్టాయి. ఆ ఏడాది ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కుమారుణ్ణి, మరికొందరిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకే నిషేధం మళ్లీ వచ్చింది. మొదటిసారి కూర్చున్నవాళ్లు రెండోసారి ఎందుకు కూర్చోలేకపోయారో శాంతి చదువుల్లో చెప్పే పాఠానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు. అయినా హరగోపాల్ పని అక్కడితో ఆగలేదు. 2011లో మల్కన్‌గిరి కలెక్టరును, 2012లో సుక్మా కలెక్టరును మావోయిస్టులు పట్టుకుపోయినప్పుడు మధ్యవర్తుల్లో ఆయన ఉన్నారు. ఇద్దరు కలెక్టర్లూ క్షేమంగా ఇళ్లకు చేరారు.

ఈ బాటలో నడిచిన మన ఇంటి మనిషినీ మరవకూడదు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం నల్లగొండ నాయకుడు ఆజం అలీ 2001 ఫిబ్రవరి 18న నల్లగొండలోనే కత్తులకు బలయ్యారు. హక్కుల గురించి రాసేవాడికీ, అడిగేవాడికీ ఈ జిల్లాలో ధర ఏమిటో ఆ తండ్రికి తెలుసు. అమ్మాయికీ తెలుసనే నా అనుమానం.

ఎక్కడ చదవాలి

ఢిల్లీలో జామియా మిల్లియా ఇస్లామియాలో 2004లో నెల్సన్ మండేలా పేరుతో శాంతి, సంఘర్షణ పరిష్కార కేంద్రం పెట్టారు. అక్కడ ఎంఏ ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం, చరిత్ర చదివి ఈ అంశం మీద పరిశోధన చేయవచ్చు. ఉర్దూ మాధ్యమం కావాలంటే 1998లో గచ్చిబౌలిలో వెలసిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ఇంటికి దగ్గరలో నల్లగొండకు మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్‌కు పాలమూరు విశ్వవిద్యాలయాలు వచ్చాయి.

ఖర్చు మాటకొస్తే మైనారిటీ పరిశోధకులకు 2009 నుంచి ఇస్తూ వచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో ఆపేసింది. మన పిల్లలకు అది పెద్ద దెబ్బే. ఇక నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ సాధించడమే గట్టి దారి. పైదేశానికి వెళ్లాలనుకునేవాళ్ల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన మైనారిటీల విదేశీ విద్యా పథకం ఉంది, ఏయే దేశాలు, ఏయే కోర్సులన్నది ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఉద్యోగం ఏమొస్తుందని ఆ తండ్రి నన్నూ అడిగాడు. అధ్యాపక వృత్తి, పత్రికలు, మానవహక్కుల సంస్థలు, ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థలు, సివిల్స్. ఇంజనీరుకు వచ్చినంత త్వరగా జీతం రాదని కూడా ఆయనకు దాచకుండా చెప్పాను.

అమ్మాయికి మాత్రం ఒక మాట చెప్పాను. ఊళ్లోకి వెళ్లి అడిగేటప్పుడు ముందు అనుమతి తీసుకో. పేరు రాయవద్దంటే రాయకు. ఏడిస్తే రికార్డు ఆపేయి. ఎవరు చేశారో చెబితే, ఆ చేసినవాడి మనుమలు అదే వీధిలో ఉంటారని గుర్తుపెట్టుకో. పుస్తకం అచ్చయ్యాక నువ్వు హైదరాబాద్‌లో ఉంటావు, వాళ్లు పక్కపక్కనే ఉండాలి.

సాయంత్రం నేను బయల్దేరేసరికి అమ్మాయి లోపలి గదిలో నానీ మంచం పక్కన కింద కూర్చుని ఉంది. చేతిలో నోటుబుక్కు ఉంది గానీ తెరవలేదు. ఏమీ అడగలేదు కూడా. చాలాసేపటికి నానీయే అంది. "అడుగుతానన్నావుగా. ముందు ఆ తలుపు దగ్గరికి వెయ్యి. మీ అబ్బా వింటే రాత్రి నిద్రపోడు."

అమ్మాయి లేచి తలుపు వేసింది.